మందుల షాపులో నేను చెప్పిన ‘కాదు’

రెండే రెండక్షరాలు పలికి అయిదు రోజులపాటు ఇంటిని ఆసుపత్రిగా, పసిపిల్లను సత్యాగ్రహిగా, పెద్దమనిషి లాంటి మందుల షాపాయనను అయోమయపు మనిషిగా మార్చిన ఘనురాలు తార్నాకలో ఎవరైనా ఉన్నారంటే అది నేనే. ఆ రెండక్షరాలు “కాదు.” దాన్ని ఎక్కడ అన్నానో, ఎందుకన్నానో, అది తిరిగొచ్చి నా నెత్తిమీద ఎంత తీరిగ్గా కూర్చుందో చెబుతాను. అప్పుడు అయిదు నెలలున్న పాపకు ఇప్పుడు మూడేళ్లు. పక్క గదిలో నిద్రపోతోంది. మధ్యలో ఒకటి రెండుసార్లు లేచి ఊపిరి పీలుస్తోందో లేదో చూసొస్తాను. మీరేమీ అనుకోకండి, మా ఇంట్లో అనుకోవడం ఎప్పుడో మానేశారు.

నేను కెమిస్ట్రీతో బి.ఎస్సీ. చదివాను. ఫస్టు క్లాసు. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, కథ చివరికి వచ్చేసరికి మీరు నమ్మరు. మా ఆయన యూనివర్సిటీలో చరిత్ర లెక్చరరు. ఎప్పుడో పోయిన రాజుల మీద ఆయనకున్న ఆందోళనలో పదో వంతు కూడా బతికున్న మనుషుల మీద ఉండదు. ఆ లోటు నేను భర్తీ చేస్తుంటాను. మేము క్యాంపస్ క్వార్టర్సులో ఉంటాం. పాప పుట్టాక మా అత్తయ్య కడప నుంచి రెండు బుట్టల సున్నుండలతో వచ్చి, ఒక నియమావళి చదివారు. అందులో మొదటిది ఇది.

“పాలు బాగున్నాయని బయట ఎవురికీ చెప్పొద్దు మే. అడిగినా చెప్పొద్దు. దిష్టి తగిల్తే ఒక్క పూటలో ఎండిపోతాయి.”

“ఎవరడుగుతారు అత్తయ్యా?”

“లోకంలో అదొక్కటే పనిగా తిరిగేటోళ్లు శానామంది ఉండారు.”

నేను సైన్సు చదివినదాన్ని కాబట్టి లోపల నవ్వుకున్నాను. తల్లినైనదాన్ని కాబట్టి లోపలే భయపడ్డాను కూడా.

ఇలా ఉండగా తార్నాక చౌరస్తా దగ్గర యాదగిరి గారి మందుల షాపు ముందు ఒక కొత్త బోర్డు వెలిసింది. యాదగిరి గారు డిప్లొమా చదివి షాపు పెట్టిన మనిషి. తెల్ల చొక్కా, చెవి వెనక పెన్సిలు, ముక్కు చివర కళ్లజోడు. సాయంత్రాలు వెనక గదిలో ఒక డాక్టరు గారు కూర్చుంటారు. పొద్దున పూట ఆ గది ఖాళీ కదా అని ఈయనకు ఒక ఆలోచన వచ్చింది. తమకు తెలియకుండా చక్కెర జబ్బు మోస్తూ తిరిగేవాళ్లను కనిపెట్టి డాక్టరు దగ్గరికి పంపాలని. బోర్డు ఇలా ఉంది: “దూప ఎక్కువా? ఆకలి ఎక్కువా? నీరసమా? రాత్రి పదేపదే లేస్తున్నారా? మూత్రం తెండి, ఉచితంగా చూస్తాం. సీసా మీది, మందు మాది.”

నేను రిక్షాలోంచి ఆ బోర్డు చదివాను. దూప. అంటే దాహం. ఉంది, చెంబులకు చెంబులు నీళ్లు తాగుతున్నాను. ఆకలి. అత్తయ్య పెట్టే మూడు పూటలూ చాలక వంటింట్లో దొంగలా తిరుగుతున్నాను. నీరసం. మెట్టు ఎక్కితే ఆయాసం. రాత్రి లేవడం. నాలుగుసార్లు. ఇంటికి చేరేలోపే నా జబ్బు ఖాయమైపోయింది. పాలిచ్చే ప్రతి తల్లికీ ఈ నాలుగూ ఉంటాయనీ, రాత్రి నాలుగుసార్లు లేపేది జబ్బు కాదు, పాప అనీ నాకు తోచలేదు. బోర్డు ఆ సంగతి అడగలేదు కదా.

మర్నాడు సోమవారం. కెమిస్ట్రీ పరువు నిలబెట్టాలి కాబట్టి ఖాళీ టానిక్ సీసాను మూడుసార్లు వేడినీళ్లలో మరిగించాను. నమూనా పట్టాను. దాన్ని చేత్తో పట్టుకుని క్యాంపస్ రోడ్డు మీద నడవలేను కనుక టిఫిన్ క్యారియర్ కింది గిన్నెలో పెట్టి మూత బిగించాను. పాపను అత్తయ్యకు అప్పగించాను. షాపులోకి అడుగు పెట్టేసరికి బ్లేడ్లు కొనుక్కుంటూ మా ఆయన విద్యార్థులు ఇద్దరు.

“నమస్తే మేడం. సార్‌కు లంచ్ తీస్కపోతున్నరా? ఇయ్యుండ్రి, మేం డిపార్ట్‌మెంట్‌కే పోతున్నం, ఇచ్చేస్తం.”

“వద్దు బాబూ,” అన్నాను, క్యారియర్‌ను పాపలా గుండెకు హత్తుకుని. ఒక్క క్షణం ఆ డబ్బా స్టాఫ్ రూములో మా ఆయన ముందు తెరుచుకున్న దృశ్యం కళ్లకు కట్టింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ కడుతుంది.

‘మేడం’ అన్న పిలుపు విని యాదగిరి గారు నన్ను కొత్తగా వచ్చిన లేడీ లెక్చరరు అనుకున్నారట. కుర్చీ వేశారు. నాకూ కాస్త గర్వంగానే అనిపించింది. ఆయన ఒక అట్ట కార్డు తీసి, పెన్సిలు చెవి మీంచి దించి, వీధి చివరికి వినపడే గొంతుతో మొదలుపెట్టారు.

“పేరు?”

“వనజ.”

“దూప?”

“చాలా.”

“కడుపుతోని ఉన్నరా?”

“లేను.”

“పాలిచ్చే తల్లులా?”

బ్లేడ్ల దగ్గర చప్పుడు ఆగిపోయింది. ఆ ఇద్దరూ చూడకూడదనుకుని చూరు వైపు చూస్తున్నారు. వాళ్లు అలా చూరు వైపు చూడటమే నాకు పెద్ద సమస్య అయింది. అదే సమయానికి చెవిలో అత్తయ్య గొంతు. అడిగినా చెప్పొద్దు మే. సిగ్గు ఒక పక్కనుంచి, దిష్టి ఇంకో పక్కనుంచి తోస్తే నోట్లోంచి పడింది.

“కాదు.”

ఆయన రాసుకున్నారు. “గీడ సంతకం వెట్టుండ్రి.” పెట్టాను. గుండ్రటి అక్షరాలతో, ఫస్టు క్లాసు సంతకం.

స్పిరిటు దీపం మీద గాజు గొట్టం. అందులో నీలి మందు, దానిలో నా ఎనిమిది చుక్కలు. చక్కెర లేకపోతే నీలంగానే ఉంటుంది. ఉంటే పచ్చన, తర్వాత పసుపు, తర్వాత నారింజ, బాగా ముదిరితే ఇటుక రంగు. ఈ వరస నాకు కాలేజీ రోజుల నుంచి కంఠస్థం. కళ్ల ముందే నా నీలం పచ్చబడింది, పసుపైంది, నారింజ దగ్గర ఆగింది. నాగపూరు కమలాపండు కూడా అంత ముచ్చటైన రంగులో ఉండదు.

“పరేషాన్ గాకుండ్రి మేడం. ఒక్కసారి చూసి ఏం చెప్పలేం. మామూలుగనే తినుండ్రి, గురువారం మళ్ల తెండ్రి. గప్పుడు గూడ ఇట్లనే ఉంటే డాక్టర్‌సాబ్‌కు చూపిద్దాం.”

నా ఒక్క ప్రశ్న గొంతులోనే ఉంది. పాప. అడగాలి, కానీ ఎలా అడుగుతాను? నాకు పాపే లేదని సంతకం పెట్టి నిమిషాలైనా కాలేదు.

“ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. ఇలాంటి జబ్బున్న తల్లి బిడ్డకు పాలివ్వచ్చా?”

యాదగిరి గారు కళ్లజోడు పైనుంచి జాలిగా చూశారు. “మీకెందుకు మేడం గా ఫికర్? ముందు పిల్లలు కానియ్యుండ్రి. గప్పుడు డాక్టరమ్మను అడుగుదురు.”

ఇంటికొచ్చేసరికి మా ఆయన భోజనానికి వచ్చి పుస్తకంలో ఉన్నారు.

“నాకు చక్కెర జబ్బు,” అన్నాను.

“ఎప్పట్నుంచి?”

“పదకొండున్నర నుంచి.”

ఆయన పేజీలో వేలు పెట్టి పుస్తకం మూశారు. మా పెళ్లయ్యాక ఆయన నాకోసం పుస్తకం మూయడం అది రెండోసారి. మొదటిసారి పాప పుట్టినప్పుడు.

అత్తయ్య మాత్రం కొట్టిపారేశారు. “ఉచ్చను దీపం మీద కాంచి జాతకం చెప్పేటోడు యాడన్నా ఉంటాడా? వాడు చెప్పడం, చదువుకున్నది నువ్వు నమ్మడం. తిను మే, సున్నుండ తిను.”

నేను తింటానా. ‘మామూలుగనే తినుండ్రి’ అన్న మాట యాదగిరి గారు మర్యాదకు అని ఉంటారనుకున్నాను. అన్నం మానేశాను. ఉడకబెట్టిన కాకరకాయ మొదలుపెట్టాను. నా వాటా సున్నుండలు అత్తయ్య ముందుకు తోశాను. “నెయ్యి పోసి చేసినేటివి, పారేస్తామా?” అంటూ ఆవిడ నా త్యాగాన్ని ఒక్కొక్కటిగా స్వీకరించారు. పైన రెండు చెంబుల నీళ్లు తాగేవారు. ఈ చెంబుల సంగతి గుర్తు పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

ఇక అసలు మూర్ఖత్వం. ఒంట్లో చక్కెర పొంగుతోంది కదా, అది పాలలోకి దిగి, పాలలోంచి పాపలోకి దిగితే? పాలపిండి డబ్బా తెప్పించాను. పాప సీసా నోట్లో పెట్టుకుని, ఒక్క గుటక రుచి చూసి, నా మొహం వైపు చూసింది. పెళ్లిలో తనకు రావాల్సిన మర్యాద పక్కవాళ్లకు జరిగిందని తెలిసిన మేనమామ చూపు అది. తర్వాత ఏడుపు మొదలెట్టింది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు కూత కూడా ఒక నిమిషం మోగి ఆగుతుంది. మా పాప ఆగలేదు. పక్క క్వార్టరావిడ వచ్చి కడుపునొప్పేమో అంది. వెనక క్వార్టరాయన వచ్చి రేపు తనకు ఇంటర్వ్యూ ఉందన్నారు.

“బిడ్డకు పాలీకుండా డబ్బా పోస్తాండావే, నీకేమొచ్చిందే?” అని అత్తయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నారు. చివరికి రోజుకు రెండుసార్లే ఇస్తాను, అదీ కొంచెమే అని ఒప్పుకున్నాను. అటు పాపకు ఆకలి, ఇటు నాకు పాలు గడ్డకట్టి ఒళ్లంతా నొప్పి. ఆ ఆదివారమే పాపకు అన్నప్రాశన. పరమాన్నానికి కడప నుంచి అత్తయ్య తెచ్చిన బెల్లం అటక మీద ఉంది. ఆ బెల్లం పాప నాలుకకు తగిలే రోజుకి తల్లి పాలే ఉండవేమోనని నా దిగులు. నమ్మండి, నవ్వులాటకు చెబుతున్నా గానీ ఆ మూడు రోజులూ రాత్రిళ్లు పాప ఉయ్యాల పక్కనే కూర్చునేదాన్ని.

గురువారం రెండో నమూనా. కాకరకాయ నమూనా. ఈసారి పచ్చ దగ్గర ఆగుతుందని ధీమా. గొట్టం వేడెక్కింది. పచ్చ దాటింది, పసుపు దాటింది, నారింజ దగ్గర ఆగనైనా ఆగలేదు, తిన్నగా ఇటుక రంగుకు వెళ్లి కూర్చుంది.

యాదగిరి గారు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి, దించి, మళ్లీ పెట్టారు. “ఏం తింటున్నరు మేడం?”

“కాకరకాయ.”

“ఇంకా?”

“ఉడకబెట్టిన కాకరకాయ.”

“కాకరకాయకు ఇంత రంగెట్ల వస్తది? జర సచ్ చెప్పుండ్రి. చాటుకు మిఠాయి తింటున్నరా?”

కాకరకాయ తిని మిఠాయి నింద మోసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆయన కంగారుపడి సోడా తెప్పించబోయి, అందులో చక్కెర ఉంటుందేమోనని ఆగిపోయి, మంచినీళ్లిచ్చారు. “ఏడ్వకుండ్రి. శనివారం రండ్రి, పెద్దాసుపత్రికి చిట్టి రాసిస్తా. రక్తం పరీక్ష చేస్తే అసలు సంగతి తెలుస్తది.”

ఇంటికొచ్చి మా ఆయనకు ఉత్తరం రాశాను. నేను పోయాక పాపను బాగా చూసుకోమనీ, మళ్లీ పెళ్లి చేసుకుంటే నాకు అభ్యంతరం లేదనీ, నా ఆకుపచ్చ పట్టుచీర మాత్రం ఆవిడకు ఇవ్వొద్దనీ. ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకుని, “ఆవిడ కెమిస్ట్రీ చదివినదైనా ఫరవాలేదా, చరిత్ర వాళ్లను వెతకాలా?” అని అడిగారు. కానీ ఆ సాయంత్రం ఆయన పుస్తకం తెరవలేదు.

శనివారం పొద్దున పాప ఎవరి దగ్గరా ఉండలేదు. దాన్ని ఎత్తుకున్నాను. “ఆ కాంచేటోడిని నేనూ చూస్తా పద,” అని అత్తయ్య కూడా రిక్షా ఎక్కారు. రిక్షా కదిలినప్పటి నుంచి ఏడుపే. మౌలాలి గుట్ట మీదికి కూడా వినపడి ఉంటుంది. షాపులోకి దిగుతూనే అత్తయ్య మూల ఉన్న కూజా దగ్గరికి వెళ్లి ఒక గ్లాసు నీళ్లు తాగారు. పాలపిండి సీసా పాప నోట్లో పెట్టబోయాను. పాప దాన్ని విసిరింది. అది యాదగిరి గారి కౌంటరు మీద దొర్లి, ఆయన చేతి దగ్గర ఆగింది.

ఆయన సీసాను చూశారు. పాపను చూశారు. నన్ను చూశారు.

“గీ పాప ఎవరి పాప మేడం?”

“మా పాపే.”

“మీ అక్క పాపనా?”

“నా పాప.”

“ఎన్ని నెలలు?”

“అయిదు నిండాయి.”

“పాలు?”

ఇక దాచి లాభం లేదు. పాప నా రవికె పట్టుకుని గుంజుతూ సాక్ష్యం చెబుతోంది. “ఇచ్చేదాన్ని. సోమవారం నుంచి తగ్గించాను. జబ్బు పాలలోకి దిగుతుందని.”

యాదగిరి గారు సొరుగు లాగి, కార్డుల కట్ట విప్పి, ఒక కార్డు తీసి నా ముందు పెట్టారు. పెన్సిలు మొనను ఒక వరుస కింద ఆనించారు. ‘పాలిచ్చే తల్లి: కాదు.’ దాని కింద గుండ్రటి అక్షరాలు.

“గీ సంతకం ఎవరిది తల్లీ?”

మేడం పోయి తల్లి వచ్చింది. నేను నేల చూస్తున్నాను.

“పాలల్ల చక్కెర ఉండదా అమ్మా? అది జర్రంత మూత్రంలకు గూడ దిగుతది. పాలు తాపకుండ ఆపిండ్రనుకో, లోపల నిల్వయి ఇంకా ఎక్కువ దిగుతది. నా మందుకు అది ఏ చక్కెరనో తెల్వది. దేన్ని చూసినా ఎర్రగనే అయితది. అందుకే గద ఆ మాట అడిగేది. అడుగుడు నా పని, చెప్పుడు మీ పని.”

ఆ క్షణంలో నా కళ్ల ముందు మా కాలేజీ ప్రాక్టికల్ రికార్డు తెరుచుకుంది. పాలలోని చక్కెర కూడా నీలి మందును ఎర్రబరుస్తుంది అని నేనే రాశాను. కింద ఎర్ర పెన్సిలుతో గీత కూడా గీశాను. మా కెమిస్ట్రీ మేడం దాని పక్కన ‘చాలా బాగుంది’ అని రాసింది. ఆ పాలు నా దగ్గరికొచ్చేసరికి ఆ గీత ఎక్కడికి పోయిందో.

“అయినా రక్తం పరీక్ష చేయించుకోండ్రి, దిల్‌కు నిమ్మళమైతది,” అని చిట్టి రాసిచ్చి, ఆయన వెనక గది తెర తీసి చూపించారు. “ముందు గా బిడ్డకు కడుపు నింపుండ్రి.”

డాక్టరు గారి బల్ల పక్కన, మందు సీసాల మధ్య కూర్చుని పాపకు పాలిచ్చాను. ఏడుపు ఒక్కసారిగా ఆగింది. బయట ఎవరో “అమ్మయ్య” అనడం వినిపించింది. పాప ఒక కన్ను తెరిచి నన్ను చూసి, క్షమించి, మళ్లీ మూసుకుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్లుగా తేలాయి.

తెర అవతల అత్తయ్య గొంతు. “నేను అప్పుడే చెప్పినా, అది నా మాట ఇంటే కదా. యాదగిరీ, ఇంకో గ్లాసు నీళ్లు పోసుకుంటా నాయనా.”

“తాగుండ్రి పెద్దమ్మా.” నీళ్లు పోసిన చప్పుడయ్యాక ఆయన అన్నారు, “వచ్చినప్పటి సంది ఇది మూడోది. దూప శాన అయితదా?”

“దప్పి ఉండదా, ఎండలో వస్తిమి.”

“పొద్దుగాల ఎనిమిదింటికి ఎండేడిది? రాత్రి ఎన్నిసార్లు లేస్తరు?”

“ముసిలిదాన్ని, లేయనా? నాలుగైదు సార్లు.”

“కాళ్లు తిమ్మిరి వడుతయా?”

“నీకెట్ల తెలుసు?”

తెర వెనక నా ఎక్కిళ్లు ఆగిపోయాయి. బోర్డు మీది ప్రశ్నలన్నీ నేను నాకే వేసుకున్నాను. నా చెంబులు లెక్కపెట్టుకున్నాను. నా పక్కనే ఆవిడ కుండకు కుండ ఖాళీ చేస్తుంటే కుండ చిల్లుపడిందేమో చూడమని మా ఆయనకు చెప్పాను.

యాదగిరి గారు కొత్త కార్డు తీశారు, కొత్త సీసా ఇచ్చారు. “ఉచ్చ కాంచేటోడివి కదప్పా నువ్వు” అని అత్తయ్య గొణిగారు గానీ, మనవరాలి ఏడుపు ఆపిన మనిషి మాట కాదనలేకపోయారు. గొట్టం వేడెక్కింది. రంగుల వరస ఏమీ లేదు. నీలం నుంచి ఒక్క గంతులో ఇటుక.

“పెద్దమ్మా,” అన్నారాయన, చాలా మెల్లగా, “మీరు పాలిస్తున్నరా?”

అత్తయ్య ముందు బిత్తరపోయి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. ఆవిడతో పాటు షాపు నవ్వింది. అలా నవ్విస్తూనే ఆయన ఆవిడ చేతిలోనూ చిట్టి పెట్టారు.

ఆ మధ్యాహ్నం పెద్దాసుపత్రిలో నా రక్తం శుభ్రంగా ఉందన్నారు. అత్తయ్యది కాదన్నారు. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే కళ్లూ కాళ్లూ దెబ్బతినేవి, మంచి వేళకు తెచ్చారు అని డాక్టరమ్మ అంది. తెచ్చింది నేను కాదు, నా అబద్ధం అని చెబుదామనుకుని ఊరుకున్నాను.

ఆదివారం అన్నప్రాశన బ్రహ్మాండంగా జరిగింది. పాప పరమాన్నం నాకి, గిన్నె కోసం చెయ్యి చాచింది. అత్తయ్య తన విస్తట్లో పరమాన్నం చోట ఉడకబెట్టిన కాకరకాయను చూసి నిట్టూర్చారు.

“అయిదు దినాలు చక్కెర చక్కెర అని ఏడ్చి, కడాకు నాకంటించినావు గదే.”

“సున్నుండలన్నీ మీరే తిన్నారు కదా అత్తయ్యా.”

“నీ వాటా తింటి. జబ్బు నీ వాటాలో ఉండింది.”

నేను ఆవిడ విస్తట్లో ఇంకో కాకరకాయ ముక్క వడ్డించాను. ఆవిడ ఇప్పుడు మాత్ర వేసుకుంటున్నారు, క్యాంపస్ చుట్టూ పొద్దున్నే నడుస్తున్నారు, కనపడిన ప్రతి పెద్దమనిషినీ ఆపి “నీకు దప్పి ఎట్లుంది నాయనా?” అని అడిగి యాదగిరి గారి దగ్గరికి తోలుతున్నారు. మా ఆయన డిపార్ట్‌మెంటు హెడ్డును కూడా వదల్లేదు.

ఇక నా సంగతి. ఆ శనివారమే, పాపను భుజాన వేసుకుని, కార్డు మీద చెయ్యి పెట్టి నేనొక ప్రతిజ్ఞ చేశాను. మందుల షాపు కౌంటరు అవతలి మనిషి ఏది అడిగినా, ఎవరు వింటున్నా, చూరు వైపు ఎంతమంది చూస్తున్నా, ఇకమీద నిజం తప్ప పలకను. దిష్టిని అత్తయ్య చూసుకుంటారు.

రెండున్నరేళ్లు దాన్ని నిలబెట్టుకున్నాను. పోయిన వారం వికారంగా ఉంటే ఏదైనా మందిస్తారేమోనని మా ఆయనతో కలిసి షాపుకు వెళ్లాను. విద్యార్థులు నలుగురున్నారు. యాదగిరి గారు పెన్సిలు దించి, నా మొహం తేరిపార చూసి, అదే గొంతుతో అడిగారు.

“కడుపుతోని ఉన్నరా?”

“అవును,” అన్నాను, వీధి చివరికి వినపడేలా. అప్పటిదాకా అది నాకొక్కదానికే తెలిసిన సంగతి.

పక్కన నిలబడ్డ మా ఆయన చేతిలోని పుస్తకం మూశారు. ఇది మూడోసారి.

“ఎప్పట్నుంచి?” అన్నారు.

కనుక పాత ప్రతిజ్ఞకు ఒక చిన్న సవరణ చేస్తున్నాను, మీరందరూ సాక్షులు: మందుల షాపులో నిజమే చెబుతాను, కానీ ముందు ఇంట్లో చెప్పి వెళ్తాను.